ఒక్కరే ఆడే ఆట

అంబులెన్స్ కంట్రోల్ రూములో అందరూ ఆమెను నిదానమ్మ అనే పిలిచేవారు. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టిన పేరు కాదది. పదకొండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో, అవతల ఫోనులో ఒకాయన గొంతు చించుకుని అరుస్తుంటే ఈమె ఏమాత్రం తొణక్కుండా "నిదానం... నిదానంగా చెప్పండి, నేను వింటున్నాను" అని ఏడెనిమిదిసార్లు అన్నదట. పక్క సీటులో ఉండే పెద్దావిడ ఆ రోజు టీ తాగేటప్పుడు నవ్వుతూ ఆ పేరు అంటగట్టింది. అది అలాగే అతుక్కుపోయింది. ఒకసారి సూపర్‌వైజరు డ్యూటీ పట్టికలో కూడా నిదానమ్మ అని రాసేసి, నాలుక కరుచుకుని, కొట్టేసి అసలు పేరు రాశాడు.

ఆమె డ్యూటీ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. పెద్ద హాలులో ఇరవై బల్లలు, బల్లకు రెండేసి కంప్యూటర్లు. వెలుతురు పడితే అక్షరాలు కనిపించవని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవారు. హెడ్‌ఫోను పెట్టుకున్నది మొదలు ఊపిరి తిరగని పని. మెట్ల మీంచి పడిన ముసలాయన, చెయ్యి కాల్చుకున్న వంటమనిషి, నొప్పులు మొదలైన గర్భిణి. అందరినీ ఆమె అవే ప్రశ్నలు అడగాలి. ఎక్కడున్నారు? పక్కన ఏం కనిపిస్తోంది? మనిషి మాట్లాడుతున్నారా? జవాబు వింటూనే వేళ్లతో అడ్రసు కొట్టాలి, బండి పంపాలి, అది చేరేదాకా అవతలివాళ్లకు ధైర్యం చెబుతూ ఉండాలి. "వచ్చింది, వచ్చింది, బండి వచ్చింది!" అని అవతల ఎవరో అరుస్తారు. అంతే, లైను తెగిపోతుంది. ఆమె మంచినీళ్లు ఒక గుక్క తాగేలోపు ఇంకో లైను మోగుతుంది.

ఇంటికి వచ్చేసరికి మూడయ్యేది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఉండేది ఇద్దరే, ఆమే, ఆమె భర్తా. ఆయన హైస్కూలులో లెక్కల మాస్టారు. ఆయన ఐదున్నరకు గానీ రాడు. ఆ మధ్యలో ఉన్న రెండున్నర గంటలూ ఇల్లంతా ఆమెదే. ముఖం కడుక్కుని, టీ పెట్టుకుని, సోఫా ఉండగా దానికి వీపు ఆనించి నేల మీదే కూర్చునేది. టీవీ పెట్టి కంట్రోలర్ చేతిలోకి తీసుకునేది.

ఆమె ఆడే గేము చాలా సాదాసీదాది. చిన్న తెరచాప పడవ, చుట్టూ సముద్రం, అక్కడక్కడా దీవులు. దీవుల మీద మనుషులు ఉండరు. పాడుబడిన దీపస్తంభాలు, గుహలు, పక్షులు ఉంటాయి. గాలి చూసుకుని పడవ నడపాలి, దిగి చూడాలి, దీపస్తంభం ఎలా వెలుగుతుందో కనిపెట్టి వెలిగించాలి, తిరిగి రావాలి. శత్రువులు లేరు, తుపాకులు లేవు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. గేములో మ్యాపు కూడా ఇవ్వరు. అందుకని మాస్టారు బళ్లోంచి తెచ్చిన గ్రాఫు పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, పెన్సిలుతో ఆమే గీసుకునేది. ఏ దీవికి ఏ దీవి ఎంత దూరం, ఎక్కడ రాళ్లు ఉన్నాయి, ఎక్కడ అల పడవను వెనక్కి నెడుతుంది, అన్నీ అందులో ఉండేవి. ఏడాదిలో ముప్ఫై పేజీలు నిండాయి.

మాస్టారు వచ్చి చెప్పులు విప్పుతూ, "ఏవోయ్, ఇవాళ ఏ దేశం కనిపెట్టావు?" అనేవాడు.

"ఇవాళ దేశం లేదండీ. గాలి లేదు. నీళ్ల మధ్య ఊరికే కూర్చున్నాను."

"మంచి పని చేశావు. నేను ముప్ఫై ఎనిమిది మంది మధ్య కూర్చుని వచ్చాను," అని ఆయన వంటింట్లోకి పోయేవాడు. ఆయనకు ఆ గేము అర్థమయ్యేది కాదు గానీ, అది ఆడిన రోజున భార్య ముఖం తేటగా ఉంటుందని మాత్రం తెలుసు. అంతకు మించి ఆరా తీసేవాడు కాదు.

ఆమె తమ్ముడికి మాత్రం అది మింగుడుపడేది కాదు. అతను ఆమెకంటే నాలుగేళ్లు చిన్న. రైల్లో ఐదు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊళ్లో, పెద్ద పెద్ద భవనాలు కట్టే కంపెనీలో టవర్ క్రేన్ నడిపేవాడు. ఇంకా పెళ్లి కాలేదు. ఆ మాట ఎత్తితే చాలు, "డ్యూటీ ఉందక్కా" అని క్రేన్ ఎక్కి కూర్చునేవాడు. అతనికి ఆన్‌లైన్ గేములంటే ప్రాణం. సాయంత్రమైతే చాలు, ఐదుగురు కలిసి ఒక జట్టుగా మరో ఐదుగురితో కొట్లాడే గేములోకి దూకేవాడు. ఆ జట్టువాళ్లలో ఒక్కరినీ అతను నేరుగా చూడలేదు. అయినా వాళ్ల పుట్టినరోజులు, పంటి నొప్పులు, ఇంటి గొడవలు అన్నీ అతనికి తెలుసు.

"ఇంకా ఆ పడవేనా అక్కా?" అనేవాడు ఫోనులో. "ఒక్కదానివే అంతసేపు ఏం చేస్తావు అందులో? ఉలుకూ పలుకూ లేని గేమూ ఒక గేమేనా? మాతో రా. నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతుంది."

"నాకు రాదురా అవన్నీ."

"నేను నేర్పుతానుగా. వారానికి ఒక్కరోజు. ఆదివారం పొద్దున. నీకు సెలవే కదా. మనం మాట్లాడుకున్నట్టూ ఉంటుంది."

ఆ చివరి మాటకు ఆమె మెత్తబడింది. నిజమే, తమ్ముడితో మాట్లాడటం తగ్గిపోయింది. ఫోను చేస్తే తిన్నావా, ఒంట్లో బాగుందా అన్న రెండు ముక్కలయ్యాక ఏం అనాలో ఇద్దరికీ తోచేది కాదు. పైగా ఆమె డ్యూటీ నుంచి వచ్చాక ఫోను చెవికి పెట్టుకోవడమే కష్టంగా ఉండేది. సరేనంది. వారం తిరక్కుండా తమ్ముడు పంపిన కొత్త హెడ్‌ఫోను పార్సిల్లో దిగింది. అది కంట్రోల్ రూములో ఉన్నదానికి కవల పిల్లలా ఉంది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు ఆదివారం కూడా డ్యూటీ వేశాడే మీవాడు," అన్నాడు.

మొదటి రోజు ఆమె చూపించిన ప్రతాపం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మొదలైన నిమిషంలోపే మూడుసార్లు చచ్చింది. రెండుసార్లు సొంత జట్టువాళ్లనే కాల్చింది. ఒకసారి గోడకు ముఖం పెట్టి, వెనక్కి ఎలా తిరగాలో తెలియక మ్యాచ్ అయ్యేదాకా అలాగే నిలబడింది. జట్టులో ఉన్న కాలేజీ అమ్మాయిని అందరూ మిరపకాయ అనేవారు. ఆ పిల్ల, "అక్కగారూ, గోడలో ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగింది. అందరూ పడిపడి నవ్వారు. నిదానమ్మ కూడా నవ్వింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు, అందరికీ బాబాయి. ఆయన, "మొదట్లో నేను పది రోజులు నిలబడ్డానమ్మా ఆ గోడ దగ్గరే," అని ఓదార్చాడు. నాలుగో మనిషి డాక్టరు. పేరుకే డాక్టరు, అతను నిజానికి ఫ్రిజ్‌లు బాగు చేసేవాడు.

మూడో ఆదివారం ఒక సంగతి జరిగింది. అవతలి జట్టు ముట్టడించింది. మనవాళ్లు నలుగురూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. వెనకాల, ముందర, మేడ మీద, రండి, వద్దు, చచ్చాను. ఎవరు ఏమంటున్నారో ఎవరికీ తెలియడం లేదు. నిదానమ్మ తనకు తెలియకుండానే ఉద్యోగంలో వాడే గొంతు బయటికి తీసింది.

"ఒక్కొక్కరే చెప్పండి. నేను వింటున్నాను. బాబాయిగారూ, ముందు మీరు. ఎక్కడున్నారు? పక్కన ఏం కనిపిస్తోంది?"

చప్పున అందరూ గప్‌చుప్. బాబాయి చెప్పాడు. తర్వాత మిరపకాయ చెప్పింది. నిదానమ్మ ఎవరు ఎటు వెళ్లాలో నాలుగు మాటల్లో చెప్పింది. రెండు నిమిషాల్లో మ్యాచ్ గెలిచారు. నెలరోజుల్లో అదే మొదటి గెలుపట. తమ్ముడి ఆనందానికి హద్దు లేదు. "చూశారా, మా అక్క!" అని చెవులు గింగురుమనేలా అరిచాడు.

ఆ పూటే ఆమెను కెప్టెన్ చేశారు. అప్పటి నుంచి వరసగా గెలిచారు. గెలుస్తున్న కొద్దీ మ్యాచ్‌లు పెరిగాయి. ఆదివారానికి తోడు బుధవారం సాయంత్రం, తర్వాత శుక్రవారం. పోటీల్లో పేరు ఇచ్చారు. పడవ గేము తీయడానికి ఓపిక లేక గ్రాఫు పుస్తకం టీవీ వెనక్కి చేరింది. ఆమెకు కుడి చెవి వెనక చిన్న నొప్పి మొదలైంది. రెండు హెడ్‌ఫోనులూ సరిగ్గా అక్కడే ఒత్తుతాయి. అయినా తమ్ముడి గొంతులో ఆ ఉత్సాహం విని, మానేస్తానని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. మాట్లాడుకోవడమా? అది మాత్రం జరగలేదు. గంటన్నర సేపు ఇద్దరి నోళ్లూ ఆడుతూనే ఉండేవి. అందులో ఒక్క మాట కూడా అక్కాతమ్ముళ్ల మాట కాదు.

ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆమెకు ఒక ఫోను వచ్చింది. ఒక ఆడమనిషి. "మా ఆయన పడిపోయారు, లేవట్లేదు, పిలిస్తే పలకట్లేదు," అంది. స్నానాల గదిలో. ఆమె గొంతు ఏడుపులా కూడా లేదు, మెల్లగా, ఆశ్చర్యపోతున్నట్టు ఉంది. నిదానమ్మ అడ్రసు రాసుకుంది, బండి పంపింది, గుండె మీద చేతులు ఎలా వేసి నొక్కాలో చెప్పింది. తొమ్మిది నిమిషాలు ఆమెతో కలిసి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలుపు చప్పుడైంది. "వచ్చారు," అంది ఆమె, అంతే మెల్లగా. లైను తెగిపోయింది. ఆయన బతికాడో లేదో నిదానమ్మకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. అది అక్కడి పద్ధతి.

సాయంత్రం ఏడింటికి పోటీలో సెమీఫైనల్. మ్యాచ్ సగంలో ఉండగా గేములో డాక్టరు ఆడే మనిషి దెబ్బ తిని కూలాడు. "పడిపోయాడు, లేవట్లేదు! అక్కగారూ, లేవట్లేదు!" అని మిరపకాయ అరిచింది. ఆ పిల్ల గేము గురించే అంటోంది. అయినా నిదానమ్మ చెయ్యి కంట్రోలర్ వదిలేసి, ఎదురుగా లేని కీబోర్డు కోసం వెతికింది. అడ్రసు ఎక్కడ అని అడగబోయింది. ఆమె హెడ్‌ఫోను తీసి, మెల్లగా నేల మీద పెట్టింది. లోపలి నుంచి నాలుగు గొంతులు చీమల్లా చిన్నగా వినిపిస్తున్నాయి. లేచి వెళ్లి వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్లు పారే చప్పుడు వింటూ నిలబడింది. మాస్టారు పేపర్లు దిద్దుకుంటున్నవాడల్లా లేచివచ్చి, ఏమీ అడగకుండా టీవీ ఆపేశాడు.

ఐదు నిమిషాల్లో తమ్ముడి ఫోను.

"ఏమైందక్కా? కరెంటు పోయిందా?"

"లేదురా. నేనే తీసేశాను."

"తీసేశావా? సెమీఫైనల్ అది! బాబాయి నెలరోజుల నుంచి ఎదురుచూస్తున్నాడు. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

ఆమెకు చెప్పాలని ఉంది. కానీ ఆ పొద్దుటి గొంతు గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "నేనిక ఆడనురా. నాకు ఒక్కదాన్నే ఆడుకోవడమే ఇష్టం," అని మాత్రం అంది.

"ఎప్పుడూ అంతేలే," అన్నాడు. "మాతో కూర్చోవడం నీకు బరువు. నాతో మాట్లాడటం కూడా డ్యూటీయే అన్నమాట. సరే, నీ పడవ నువ్వే నడుపుకో."

ఫోను పెట్టేశాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. అతని మాటలో సగం నిజం ఉందని తెలిసి ఇంకా బాధ వేసింది.

తర్వాత రెండు నెలలు ఇద్దరి మధ్యా పొడి మాటలే. బాగున్నావా, బాగున్నాను. అతను కోపం చూపించలేదు. కోపమైనా ఉంటే బాగుండేదనిపించేది. ఆమె మళ్లీ పడవ ఎక్కింది. మొదటి నాలుగు రోజులు సంతోషం లేదు. ఐదో రోజు ఒక దీవి పడమటి వైపున, నీళ్లు తగ్గినప్పుడే కనబడే మెట్లు దొరికాయి. వాటిని పుస్తకంలో గీసుకుంటూ ఉంటే భుజాలు వాటంతటవే సడలాయి.

అలా ఉండగా ఒకరోజు మాస్టారికి ఫోను వచ్చింది. తమ్ముడు క్రేన్ దిగుతూ నిచ్చెన ఆఖరి మెట్ల మీద జారాడు. ఎత్తు ఎక్కువ కాదు గానీ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వంట చేసిపెట్టేవాళ్లు లేరు. అయినా ఆ మొండివాడు అక్కకు చెప్పలేదు, బావకు చెప్పాడు.

"నీకు చెప్పొద్దంటాడేమిటి వీడు?" అన్నాడు మాస్టారు ఫోను చేత్తో మూసి. తర్వాత చెయ్యి తీసి, "ఏం బావమరిదీ, ఎడం చేత్తో బట్టలు సర్దుకోవడం వస్తుందా, నేనే రానా?" అన్నాడు. మర్నాడు ఆదివారం. ఆయనే వెళ్లి తీసుకొచ్చాడు.

తమ్ముడు వచ్చాడు గానీ ముఖం మాత్రం ఇంకా స్టేషన్లోనే ఉన్నట్టు బిగుసుకుని ఉంది. పెట్టింది తినేవాడు, అడిగితే జవాబు చెప్పేవాడు, మిగతా సమయమంతా ఎడం చేత్తో ఫోను గీకుతూ సోఫాలో పడి ఉండేవాడు. ఒంటి చేత్తో అతని గేము ఆడటం కుదరదు. జట్టువాళ్లు అతను లేకుండానే ఆడుతున్నారు. వాళ్ల మాటలు వినడానికి ఒకరోజు హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. పది నిమిషాలకు తీసేశాడు. ఆడనివాడితో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

నిదానమ్మ డ్యూటీ నుంచి వచ్చి మొదటి రెండు రోజులూ గేము జోలికి పోలేదు. మూడో రోజు, "నేను ఆడుకుంటాను. నీకు చిరాకైతే లోపలి గదిలో పడుకో," అంది.

"ఇక్కడే ఉంటాలే," అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆమె నేల మీద, అతను వెనకాల సోఫాలో. పడవ ఉత్తరంగా సాగింది. గాలి చప్పుడు, నీళ్ల చప్పుడు. పావుగంట అయింది. రెండు రాళ్ల మధ్య సన్నని దారి వచ్చింది. అది ఆమె ఇంతకుముందు నాలుగుసార్లు ప్రయత్నించి, నాలుగుసార్లూ పడవ పగలగొట్టుకున్న చోటు. మళ్లీ పడవ రాయికి కొట్టుకుంది.

"నువ్వు చాలా ముందు తిప్పుతున్నావు," అన్నాడు వెనక నుంచి.

ఆమె తిరిగి చూడలేదు. "నీకెలా తెలుసు?"

"ఆ రాయి నీడ చూడు. అది పడవకు రెండు పొడవుల దూరంలో ఉంది. నువ్వు ఒక పొడవనుకుంటున్నావు. నేను రోజూ చేసేది అదే కదా. వంద అడుగుల కింద ఉన్న దిమ్మె గోడకు ఎంత దూరంలో ఉందో కంటితోనే చెప్పాలి."

ఆమె మళ్లీ ప్రయత్నించింది. అతను చెప్పినంతసేపు ఆగి తిప్పింది. పడవ రాళ్లను రాసుకోకుండా అవతలికి జారింది. అక్కడ ఇద్దరూ ఎప్పుడూ చూడని నీళ్లు ఉన్నాయి. పచ్చగా, అడుగున ఇసుక కనిపిస్తూ. తమ్ముడు ఫోను పక్కన పడేసి కింద కూర్చున్నాడు.

"పుస్తకం ఇలా ఇవ్వు. నేను గీస్తాను."

"ఎడం చేత్తోనా?"

"ఇవ్వవే!"

అతను గీసిన దీవులు కాల్చిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఆమె చూసి నవ్వింది. అతనూ నవ్వాడు. రెండు నెలల తర్వాత అదే మొదటి నవ్వు.

ఆ రోజు నుంచి మూడింటికి టీ అయ్యాక అదే పని. ఆమె నడిపేది, అతను గీసేవాడు. ఎక్కువసేపు మాటలు ఉండేవి కాదు. గేము ఎవరినీ తొందరపెట్టేది కాదు. మాట వస్తే వచ్చేది, రాకపోతే గాలి చప్పుడు ఉండేది. ఒకరోజు పడవ గాలి లేక ఆగిపోయింది. అలా చూస్తూ చూస్తూ తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు.

"పైన ఇంతేనక్కా. పొద్దున ఏడింటికి ఎక్కుతానా, మధ్యాహ్నం దాకా దిగను. డబ్బాలాంటి క్యాబిన్. పక్కన మనిషి ఉండడు. వాకీటాకీలో మూడే మాటలు. ఎత్తు, దించు, ఆగు. కింద అందరూ గుంపుగా తింటుంటారు, నవ్వుకుంటుంటారు. నాకు కనిపిస్తుంది, వినిపించదు. ఒక్కోరోజు సాయంత్రం దిగేసరికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అందుకే రాగానే వాళ్ల దగ్గరికి పరుగెత్తుతాను. అరిచినా తిట్టినా సరే, మనిషి గొంతు కావాలి నాకు."

నిదానమ్మ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంది. అతను చేసే పని ఏమిటో ఇన్నేళ్లుగా తెలుసు గానీ, ఆ క్యాబిన్లో కూర్చుంటే ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఊహించలేదు.

"నాకు పొద్దున్నుంచీ గొంతులేరా," అంది. "రోజుకు ఎనభై, తొంభై. అందరూ భయపడుతున్నవాళ్లే."

"తెలుసు. అందుకే నీకు చిరాకు."

"చిరాకు కాదురా." ఆమె ఆలోచించింది. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, మాస్టారితో కూడా. "బండి వచ్చాక లైను తెగిపోతుంది. ఆ మనిషి ఏమయ్యాడో మాకు తెలియదు. ఎవరూ మళ్లీ ఫోను చేసి చెప్పరు. పదకొండేళ్లు. ఒక్కదానికీ చివర తెలియదు." పడవ వైపు చూపించింది. "ఇక్కడ నేను వెలిగించిన దీపం, రేపు వచ్చి చూస్తే వెలుగుతూనే ఉంటుంది."

తమ్ముడు పెన్సిలు తిప్పుతూ, "ఆ శుక్రవారం ఏమైంది?" అని అడిగాడు.

అప్పుడు చెప్పింది. ఆ ఆడమనిషి గొంతు ఎలా ఉందో, తొమ్మిది నిమిషాలు ఎలా లెక్కపెట్టారో, సాయంత్రం మిరపకాయ అరుపు వినగానే చెయ్యి ఎటు పోయిందో, అన్నీ. చెబుతున్నంతసేపూ అతను పెన్సిలుతో అదే గీత మీద మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చున్నాడు. ఆ చోట కాగితం చిరిగింది.

"అప్పుడే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు కదే," అన్నాడు.

"చెప్పడం రాలేదురా."

తెరమీద గాలి లేచింది. తెరచాప నిండింది. ఆమె కంట్రోలర్ తీసుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు వచ్చేసరికి ఇద్దరూ టీ గ్లాసులు కూడా తీయకుండా తెరకు అతుక్కుపోయి ఉన్నారు. ఆయన చప్పుడు చేయకుండా లోపలికి పోయి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు.

ఆరు వారాలు గడిచాయి. కట్టు విప్పారు. తమ్ముడి చెయ్యి సన్నబడి పాలిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ చూసుకుని, రైలెక్కాడు. ఎక్కేముందు, "ఇంకా ఒక్క దీవే మిగిలింది కదా. నేను మళ్లీ వచ్చేదాకా ఆగు. కలిసి చూద్దాం," అన్నాడు. ఆమె చూద్దాంలే అంది.

అతను వెళ్లాక మళ్లీ జట్టులో చేరాడు. వాళ్లకు ఇప్పుడు మిరపకాయ కెప్టెన్. ఆ పిల్ల తిట్లతోనే గెలిపిస్తోందట. నిదానమ్మను రమ్మని అతను మళ్లీ అడగలేదు. కానీ ఆమె సంగతి వాళ్లకు ఏం చెప్పాడో ఏమో, ఒకరోజు బాబాయి దగ్గర్నుంచి ఆమెకు మెసేజి వచ్చింది. "అమ్మా, రైలు ఆపిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో ప్రయాణికులకు చెప్పక్కర్లేదు. ఆగాలనిపిస్తే ఆగడమే." ఆమె దాన్ని మాస్టారికి చదివి వినిపించింది. మిరపకాయ మాత్రం ఒక గోడ బొమ్మ పంపి, కింద నవ్వు పెట్టింది.

తమ్ముడు పడవ గేము కొనుక్కుని తన గదిలో ఆడి చూశాడట. "అరగంటకు నిద్రొచ్చేసిందక్కా. నీ పక్కన కూర్చుంటేనే బాగుంది గానీ, నేనొక్కణ్ణే ఆడితే మళ్లీ క్యాబిన్లో ఉన్నట్టే ఉంది," అన్నాడు. ఆమె నవ్వి, "నీకు పడదులే, వదిలెయ్," అంది.

ఆ ఆఖరి దీవి సంగతి ఆమె మూడు వారాలు వాయిదా వేసింది. రోజూ దాని చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేది. నాలుగో వారం ఒక మంగళవారం, డ్యూటీలో ఫోనులు మామూలుకంటే ఎక్కువ వచ్చాయి. ఇంటికి వచ్చి ముఖం కడుక్కుంది. తమ్ముడు ఆగమన్న మాట గుర్తుంది. కానీ ఆ రోజు ఎవరికోసమూ ఆగాలనిపించలేదు. పడవను నేరుగా ఆ దీవి వైపు తిప్పింది. రేవులో దిగింది. ఎత్తైన గడ్డిలో నుంచి దారి, పైన దీపస్తంభం. వెలిగించడానికి గంట పట్టింది. వెలిగాక చూస్తే, ఆ ఎత్తు మీంచి అంతకుముందు ఆమె వెలిగించిన దీపాలన్నీ దూరదూరంగా ఒక్కొక్కటే కనిపించాయి. ఏదీ ఆరిపోలేదు. గేము అయిపోయిందని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కన ఎవరూ లేరు. అలాగే ఉంటే బాగుందనిపించి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి తమ్ముడి ఫోను. గాలి ఎక్కువగా ఉంటే క్రేన్ ఆపేస్తారు. ఆపేసినా వెంటనే దిగడానికి వీలుండదు, గాలి తగ్గేదాకా పైనే కూర్చోవాలి. అలాంటప్పుడు ఈ మధ్య అక్కకు ఫోను చేస్తున్నాడు. ఆమె చెవికి పెట్టుకోకుండా స్పీకరు పెట్టి, ఫోను నేల మీద ఉంచి మాట్లాడుతోంది.

"తమ్ముడూ, ఒక మాట. నిన్న ఆ దీవి చూసేశాను."

అవతల గాలి హోరు.

"నేను లేకుండానేనా?"

"ఆఁ. ఒక్కదాన్నే చూడాలనిపించింది. కోపమా?"

"కొంచెం," అన్నాడు. తర్వాత నవ్వు వినిపించింది. "నువ్వు ఆగవని నాకు తెలుసులే. గాలి ఇంకో గంట తగ్గేలా లేదు. ఏముందో మొదటి నుంచి చెప్పు."

ఆమె గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, రేవు దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టింది.